మిగిలినవి బేస్తవారం

రాజనర్సయ్య కౌంటరు అద్దాన్ని పాత పేపరు ఉండచుట్టి తుడుస్తున్నాడు. గుడ్డతో తుడిస్తే చారలు మిగులుతాయని, పేపరుతో తుడిస్తేనే అద్దం నిగనిగలాడుతుందని ఆయన సిద్ధాంతం. ముప్పై ఒక్కేళ్లుగా అదే అద్దం, అదే సిద్ధాంతం. ఎడమ మూల చిన్న పగులు ఉంది. దాని మీద అంటించిన టేపు ఎప్పుడో పసుపురంగుకు తిరిగింది. రేపు ఈపాటికి ఈ అద్దం ఇక్కడ ఉండదు. ఊరంతా దుకాణాలు తెరుస్తున్న పెద్ద మందుల కంపెనీ ఒకటి ఈ షాపును కొనేసింది. పొద్దున్నే వడ్రంగులు వస్తారు, పాత బల్లలన్నీ పీకేస్తారు. ఆ సంగతి తెలిసీ ఆయన మూలమూలా తుడిచాడు. చెయ్యి ఊరుకోదు కదా.

మనిషి బక్కపలచన. అరవైకి ఏడాది తక్కువ. చెవుల మీద వెంట్రుకలు నెరిసినా మీసం మాత్రం మొండిగా నల్లగానే ఉంది. కుడి బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒత్తి ఒత్తి కాయ కాసింది. గోలీల పట్టీ కత్తిరించడంలో ఆయనకొక పద్ధతి ఉంది. గడువు తేదీ అచ్చయిన కొసను ముందుగా ముట్టుకోడు. రెండో కొసనుంచి కత్తిరిస్తూ వస్తాడు. తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉంటుంది, ఆఖరున కొన్నవాళ్లకు తేదీతో సహా పోతుంది. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ ఆయన మొట్టమొదట నేర్పేది ఇదే.

అద్దం తుడవడం అయ్యాక తన సొరుగు తెరిచి చూశాడు. ఖాకీ కవరు ఉంది. అందులో రెండు పట్టీలు, పట్టీకి పది గోలీలు. కవరు మీద పేరు లేదు. పేరు రాయాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. వచ్చే ఐతారం ఎల్లమ్మ బోనాలు. బోనాలకు ముందు సోమవారం మధులత వస్తుంది. ఆమె కడుపుతో ఉన్న ఏడు మినహా ఇరవై మూడేళ్లుగా తప్పని లెక్క అది. ఇవాళ సోమవారం, ఇవాళే షాపుకు ఆఖరు రోజు. ఇవాళ ఆమె రాకపోతే ఇక ఆయనకు ఆమె కనబడే దారి లేదు. ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి పదకొండేళ్లుగా గొంతులో పచ్చి వెలక్కాయలా పడి ఉంది. అది ఇవాళ చెప్పాలి. చెప్పకపోతే ఆ మాటతోనే ఆయన కాటికి పోవాలి.

ఆ గోలీలను పేరుపెట్టి అడిగిన ఆడవాళ్లను ఆయన వేళ్ల మీద లెక్కపెట్టగలడు. కొందరు పండుగ గోలీలంటారు. కొందరు ఆపేటివి అంటారు. మరికొందరు దగ్గుమందు సీసాల వైపు చూస్తూ "అవి" అంటారు, అంతే. డబ్బా మీది నోరెథిస్టెరాన్ అన్న పేరు చదవడానికి రాజనర్సయ్యకు చేరిన కొత్తలో వారం పట్టింది. షాపు యజమాని జోగారావు అప్పట్లో ఓపిగ్గా చెప్పాడు. ఆడవాళ్ల ఒంట్లో దానంతటది పుట్టే హార్మోను ఒకటి ఉంటుంది, ఇది దానికి ఫ్యాక్టరీలో చేసిన నకలు. ఇది వేసుకున్నన్ని రోజులు గర్భసంచి లోపలి పొర నిలిచి ఉంటుంది, మానేసిన రెండు మూడు రోజులకు జారిపోతుంది. ఆ నిలపడం కోసమే పెళ్లిళ్లకు, వ్రతాలకు, తిరుపతి ప్రయాణాలకు జనం వస్తారు. నెలల తరబడి రానివాళ్లకు మళ్లీ రప్పించడానికీ డాక్టర్లు అదే రాస్తారు. పదిహేను రోజులైనా ఆగక మొహం పాలిపోయిన మనిషికీ అదే. నొప్పికి మెలికలు తిరిగేవాళ్లకూ అదే. ఒకే తలుపు, ఒకరు వేయమంటారు, ఒకరు తీయమంటారు అనుకునేవాడు ఆయన.

తొమ్మిదిన్నరకు హాస్టలు పిల్ల ఒకతె వచ్చింది. పేరు పూజ, కోచింగు కోసం వచ్చి పక్క సందులో ఉంటోంది. శుక్రవారం అక్క పెళ్లట, అమ్మ ఫోనులో ఏవో గోలీలు చెప్పిందట. డాక్టరు చీటీ ఉందా అంటే లేదంది. రాజనర్సయ్య గొంతు తగ్గించి ఒక్కొక్కటే అడిగాడు. ఒకవైపు తలనొప్పి వస్తుందా, పిక్కలు వాస్తాయా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా. పిల్ల బిక్కమొహం వేసింది. రెండు సందుల అవతల లేడీ డాక్టరు ఉంది, ఆమెను కలిసి చీటీ తెచ్చుకోమని దారి చెప్పాడు.

"తెచ్చుకో చెల్లె, నేనేడికి పోత. ఈడనే ఉంట," అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. పిల్ల అప్పటికే మెట్లు దిగిపోయింది.

పదకొండుకు జోగారావు వచ్చాడు. గోదావరి జిల్లానుంచి వచ్చి ముప్పై అయిదేళ్లయినా మాట మారలేదు, మనసూ మంచిదే. నాలుగు రకాల స్వీట్లు తెచ్చాడు. సనత్‌నగర్‌లో తెలిసినవాళ్ల మందుల గోదాములో రాజనర్సయ్యకు పని మాట్లాడి పెట్టానని ఇంకోసారి గుర్తుచేశాడు. అక్కడ మీకు జనంతో తలనొప్పి ఉండదు నర్సయ్యగారూ, డబ్బాలతోనే పని అన్నాడు. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు పాపం. రాజనర్సయ్య తలూపి, మైసూరుపాకు ముక్క నోట్లో వేసుకున్నాడు. జనం లేని చోట ముప్పై ఏళ్ల తన నోరు ఏం చేస్తుందో ఆయనకు తోచలేదు.

మధులత మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన పిల్ల. మొగుడు తుకారాంకు సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆ రోజు మెడలో కొలతల టేపు తీయడం మరిచి అలాగే వచ్చింది. అత్తగారు ఆ ఏడు బోనం ఎత్తే వంతు ఆమెకు ఇచ్చింది, తారీకు చూస్తే సరిగ్గా ఆ ఐతారమే పడుతోంది. డాక్టరు చీటీ అరచేతిలో చెమటకు తడిసిపోయింది. బరువు చూసే మిషను పక్కన నిలబడి, ఆయన తలెత్తేదాకా కదల్లేదు, పిలవలేదు. ఆయన చీటీ చదివి, ఎందుకని అడగకుండా గోలీలు కవరులో పెట్టి ఇచ్చాడు. ఆమె మొహంలో భారం దిగిపోయింది. ఆ తరువాత బోనం వంతు ఎవరిదైనా, పండుగనాడు దూరంగా కూర్చోవలసి రాకూడదని ఏటా ముందుగానే వచ్చేది.

అమీర్‌పేటలో ఆడవాళ్లందరికీ ఆయన నర్సన్న. ఆమె మాత్రం ఒక్కనాడూ అన్నా అనలేదు. ఆయన అందరినీ అమ్మా అనో, చెల్లె అనో పిలిచేవాడు, ఆమె దగ్గర మాత్రం నోరు ఆగిపోయేది. అట్లా ఒకరినొకరు ఏమీ పిలుచుకోకుండానే ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు, ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి.

మూడో ఏడు ఆయన బుద్ధి వక్రించింది. వారం రోజులకు రెండు పట్టీలు కావాలి. డబ్బా నిండుగా వీపు వెనకే ఉంది. అయినా ఒక్క పట్టీయే కవరులో పెట్టి, స్టాకు అయిపోయింది, మిగిలినవి బేస్తవారం తీస్కపోండ్రి అన్నాడు. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. ఆమె సరేనంది. బేస్తవారం వచ్చింది. అప్పుడు రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. వాన గురించి, జాకెట్లకు అద్దాలు కుట్టే కొత్త ఫ్యాషన్ గురించి, అంతే. ఆ రెండు నిమిషాలు ఆయనకు ఏడాది పొడుగునా సరిపోయాయి.

మరుసటి ఏడూ అంతే, ఆ పై ఏడూ అంతే. ఆషాఢంలో ఒక్క బేస్తవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. ఇంట్లో భార్య బుచ్చమ్మ చూసి, సాయిబాబా గుడికి పోతున్నావా అంది ఒకసారి. అవునన్నాడు. అన్నందుకు అబద్ధం కాకుండా ఉండాలని నిజంగానే పంజాగుట్ట గుడికి పోయి, వరసలో నిలబడి, దండం పెట్టుకుని షాపుకు వచ్చాడు. బుచ్చమ్మ పోయి ఏడేళ్లయింది. ఆమెకు ఆయన ఏ లోటూ చేయలేదు. చేసిందల్లా ఈ ఒక్కటే. దీనికి ఏ పేరు పెట్టాలో ఆయనకు తెలియదు, పెట్టే ధైర్యమూ లేదు.

పదకొండేళ్ల కిందట మధులత బిడ్డ యశస్వినికి డెంగీ వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల ఆస్పత్రిలో ఆరు రోజులు కళ్లు తెరవలేదు. పిల్ల దక్కితే ఈ ఏడు నీ బోనం నేనే ఎత్తుకుంటానని మధులత ఎల్లమ్మకు మొక్కింది. పిల్ల దక్కింది. ఆ సోమవారం మధులత కౌంటరు దగ్గర నిలబడి, అంతకుముందు ఎన్నడూ లేనిది, ఆ ఆరు రోజుల కథంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది, నవ్వింది. అప్పుడైనా ఆయన రెండు పట్టీలూ ఇచ్చేయాల్సింది. చెయ్యి అలవాటుపడ్డ దారినే పోయింది. మిగిలినవి బేస్తవారం అన్నాడు.

బుధవారం సాయంత్రానికి ఆయనకే జ్వరం పట్టుకుంది. బేస్తవారం మంచం దిగలేకపోయాడు. షాపులో ఫార్మసీ చదివిన దినేశ్ ఒక్కడే ఉన్నాడు. ఒకామె వచ్చి బరువు మిషను దగ్గర అరగంట నిలబడిందని, ఏం కావాలంటే ఏం లేదందని, తరువాత దినేశ్ మాటల్లో మాటగా చెప్పాడు. అమీర్‌పేటలో అడుగుకో మందుల షాపు ఉంది, నిజమే. కానీ ఇంకో మగవాడి ముందు ఆ మాట ఎత్తడానికి ఆమెకు నోరు రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేని మాటలు కొన్ని ఉంటాయని ఆ సామెత కట్టినవాడికి ఎవరూ చెప్పినట్టు లేరు.

ఆ ఐతారం డప్పులు దద్దరిల్లుతూ షాపు ముందునుంచే పోయాయి. రాజనర్సయ్య నీరసంగా కౌంటరు పట్టుకుని చూశాడు. పసుపు రాసిన కుండలు, వేపమండలు, పైన దీపాలు. తుకారాం ఇంటి బోనం అతని వదిన నెత్తిన ఉంది. యశస్విని పెద్దమ్మ కొంగు పట్టుకుని నడుస్తోంది. మధులత కోసం వెతికాడు. రోడ్డుకు అవతల, కరెంటు స్తంభం పక్కన, వెలిసిపోయిన నూలు చీరలో, ఎవరికీ తగలకుండా ఎడంగా నిలబడి ఉంది. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఆయనకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. తేలు కుట్టిన దొంగలా లోపలికి పోయి మందుల డబ్బాల మధ్య కూర్చున్నాడు. అమ్మవారూ ఆడదే కదా, ఆమెకు తెలియని మైలా ఇది అని మధులత తరఫున వాదించుకున్నాడు. ఆ వాదనతో ఆమెకు ఒరిగిందేమీ లేదు.

మళ్లీ ఏడు ఆమె వచ్చి, పోయినేడు ఎత్తలేకపోయిన అని మాత్రం అంది. ఆయన రెండు పట్టీలూ కవరులో పెట్టాడు, ఈసారి స్టాకు ఉందన్నాడు. అప్పటినుంచి ఏ ఏడూ బేస్తవారం లేదు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క నిమిషం. ఆ శిక్ష ఆయన తనకు తానే వేసుకున్నాడు. నిజం మాత్రం చెప్పలేదు. చెబితే ఆ ఒక్క నిమిషం కూడా పోతుందేమోనని భయపడ్డాడు.

మధ్యాహ్నం జల్లు పడి వెలిసింది. ఒకాయన భార్య కోసం చీటీ తెచ్చాడు, మూడు వారాలు వేసుకోమని అవే గోలీలు రాసి ఉన్నాయి. ఏవి ఎప్పుడో రాజనర్సయ్య పట్టీల మీద గీతలు గీసి ఇచ్చాడు. షుగరు మాత్రల ముసలాయన, పసిపిల్లకు జ్వరం మందు, మోకాళ్ల నొప్పుల నూనె. మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా ఆయన తల పైకి లేచింది. నాలుగైంది. అయిదైంది. వెనక సందులో పిల్లలు డప్పులు వేడి చేసి వాయించి చూసుకుంటున్నారు. ఇక రాదు, ఇంతే రాసి ఉంది అనుకున్నాడు. అయినా చీకటి పడలేదు కదా అని మళ్లీ అనుకున్నాడు.

దినేశ్ చాయ్ తాగడానికి పోయినప్పుడు, బరువు మిషను పక్కన ఆమె నిలబడి ఉంది.

జుట్టు ముందువైపు నెరిసింది. కళ్లద్దాలు వచ్చాయి. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఆయన సొరుగు తీసి ఖాకీ కవరు అద్దం మీద పెట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇగ అక్కర్లే. ఆగిపోయి యాడాది కావొచ్చింది," అంది. కవరు వైపు చూసి, "మీరు పక్కకు పెట్టి ఉంటరు. తారీకు దాటిపోతది, ఎవలకన్న అక్కరకొస్తయ్ కదా అని చెప్పిపోదామని వచ్చిన," అంది.

ఆ మాట చెప్పడానికి ఆమె రావలసిన పని లేదు. రాకపోతే ఆయనకే అర్థమయ్యేది. అయినా ఇంత దూరం నడిచి వచ్చింది. రాజనర్సయ్య కౌంటరు అంచు పట్టుకుని, షాపు అమ్మేశారని, రేపటినుంచి తాను సనత్‌నగర్‌లో గోదాము పనికి పోతున్నానని చెప్పాడు. ఆమె షాపంతా ఒకసారి కలియజూసింది. సగం ఖాళీ అయిన అరలు అప్పుడు కనబడ్డాయి ఆమెకు.

"నేనొక తప్పు చేసిన," అన్నాడు. "పాపకు జ్వరమొచ్చిన యేడు. స్టాకు లేదంటి. ఉండె. డబ్బ నిండ ఉండె. అన్నేండ్లు సుత ఉండె."

"మరెందుకు లేదంటిరి?"

"మీరు మల్లొకసారి వస్తరని."

ఆమె టేపు కొసను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. ఆయన క్షమించమని అడగలేదు, అడిగే మొహం తనకు లేదని ఆయనకు తెలుసు.

"పదకొండేండ్లు," అంది చివరకు, చాలా మెల్లగా. "ఎల్లమ్మనే నా బోనం ఒద్దన్నదనుకున్న. నేనేం పాపం చేసిన్నో అని ఏడ్వని దినం లేదు. పిల్లకు పడిశం పట్టినా గందుకే అనుకుంటి."

అద్దం మీద ఒక చుక్క పడింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచింది, అక్కడ చార మిగిలింది. తరువాత వెనక్కి తిరిగి మెట్లు దిగింది. రెండు మెట్లు దిగి ఆగింది. సందులో డప్పులు వాయిస్తూనే ఉన్నారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె మళ్లీ కౌంటరు ముందు ఉంది.

కవరు విప్పి రెండు పట్టీలూ బయటికి తీసింది. ఒకదాన్ని తన చేతిసంచిలో వేసుకుంది.

"ఏస్కోవద్దు. మీకిప్పుడు అక్కర్లేదు," అన్నాడు ఆయన. ముప్పై ఒక్కేళ్ల అలవాటు అది.

"ఏస్కోనీకి గాదు," అంది.

రెండో పట్టీని అద్దం మీద పెట్టి, వేలితో ఆయన వైపు కొంచెం జరిపింది.

"మిగిలినవి బేస్తవారం తీస్కపోత," అంది.

బేస్తవారం ఈ షాపు ఉండదని, ఆయన ఉండడని ఇద్దరికీ తెలుసు. ఆమె గొంతులో కోపముందో, ఇంకేముందో ఆయన పోల్చుకోలేకపోయాడు. రెండూ ఉన్నాయేమో. సరే అన్నట్టు తలూపాడు. ఆమె మెట్లు దిగి, మెట్రో స్తంభాల కింది జనంలో కలిసిపోయింది. మెడలో టేపు కాసేపు కనబడింది, ఆ తరువాత అదీ కనబడలేదు.

ఏడింటికి జోగారావు తాళాలు తీసుకున్నాడు. దినేశ్ రాజనర్సయ్యను కౌగిలించుకుని, పోయొస్త నర్సన్నా అని కళ్లు తుడుచుకున్నాడు. రాజనర్సయ్య జేబులో రెండు పెన్నులు సర్దుకున్నాడు, కత్తెర దినేశ్‌కు ఇచ్చేశాడు. అద్దం మీది పట్టీ కోసం చెయ్యి చాచి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. అది బేస్తవారం వస్తానన్న మనిషిది. షట్టరు సగం దించాక వంగి బయటికి వచ్చి, యూసుఫ్‌గూడ వైపు నడిచిపోయాడు.

లోపల, తుడిచిన అద్దం మీద ఆ చార పక్కనే పట్టీ ఉంది, పదికి పది గోలీలతో, తేదీ ఉన్న కొస అలాగే.